లేపాక్షి వీరభద్రాలయం: శాసనం, ఐతిహ్యం, పైకప్పు చిత్రం

రాయలసీమ దక్షిణపు కొసన, కర్ణాటక సరిహద్దుకు చేరువగా, హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి పేరు వినని తెలుగువారు అరుదు. ప్రభుత్వ హస్తకళల విక్రయశాలలకు ఆ ఊరి పేరే పెట్టడం వల్లను, అక్కడి ఏకశిలా నంది బొమ్మ పుస్తకాల అట్టల మీదా గోడ క్యాలెండర్ల మీదా తరచు కనిపించడం వల్లను, ఆ నేల మీద అడుగు పెట్టని వారికి సైతం అది చిరపరిచితమైన పేరుగా నిలిచింది. అయినా ఇంతటి ప్రసిద్ధి గల క్షేత్రంలో ముఖ్యంగా చూడవలసినది ఏది అన్న ప్రశ్నకు చాలామంది సందర్శకుల జవాబు నంది దగ్గరో, నాగలింగం దగ్గరో, నేలను తాకీ తాకనట్లు వేలాడే స్తంభం దగ్గరో ఆగిపోతుంది. తల ఎత్తితే తప్ప కనిపించని పైకప్పు చిత్రాలు, అంటే 16వ శతాబ్ది చిత్రకారులు సున్నపు గార మీద మట్టి రంగులతో వేసిన పురాణగాథలు, వాటికి తగినంత ఆదరణకు ఇంకా నోచుకోలేదు. ఆలయాన్ని కట్టించిన వారి చరిత్రను, దాని చుట్టూ అల్లుకున్న ఐతిహ్యాలను, ఆ చిత్రాలను ఒకదాని వెలుగులో మరొకదాన్ని ఉంచి పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఆలయం నెలకొన్న చోటును కూర్మశైలం అంటారు. ఎత్తు తక్కువైన నల్లరాతి గుట్ట తాబేటి వీపులా గుండ్రంగా కనిపించడమే ఆ పేరుకు కారణం. గుట్ట వాలును చదును చేయకుండా, దానికి అనుగుణంగానే ప్రాకారాలను, అంటే ఆలయం చుట్టూ ఉండే గోడలను, మండపాలను పైకి పైకి పేర్చుకుంటూ పోయిన తీరు ఈ కట్టడంలో గమనింపదగినది. 2022 వరకు అనంతపురం జిల్లాలో భాగంగా ఉండి, ఆ ఏడాది ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం, విజయనగర కాలంలో పెనుకొండ రాజ్యం కిందికి వచ్చేది. రాజ్యం అంటే ఆనాటి పరిపాలన పరిభాషలో సామ్రాజ్యంలోని ఒక పెద్ద రాష్ట్ర విభాగం. పెనుకొండ దుర్గం రాజకుటుంబానికి విడిదిగాను, 1565లో తళ్లికోట యుద్ధం తరువాత ఏకంగా రాజధానిగాను ఉపయోగపడిన చోటు కావడం వల్ల, దాని నీడలో ఉన్న లేపాక్షికి ధనం, శిల్పులు, చిత్రకారులు అందుబాటులో ఉండడం సహజమే.

కట్టించిన వారి విషయంలో చరిత్రకు సందేహం లేదు. కృష్ణదేవరాయల తరువాత 1529 నుంచి 1542 వరకు పాలించిన ఆయన సోదరుడు అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ ఈ ఆలయానికి నేటి రూపం ఇచ్చారు. ప్రాకారపు గోడల మీద చెక్కిన శాసనాలు, అంటే దానాలను, ధర్మాలను శాశ్వతంగా నమోదు చేసిన రాతి పత్రాలు, ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. అవి విరూపణ్ణను నంది లక్కిశెట్టి కుమారుడిగా పేర్కొని, 1530లలో దేవుడి నైవేద్యానికి, దీపారాధనకు, ఉత్సవాలకు సమర్పించిన గ్రామాలను, భూములను వివరిస్తాయి. తండ్రి పేరు చివర ఉన్న శెట్టి అన్న మాట ఆ కుటుంబానికి వర్తకంతో సంబంధం ఉండి ఉండవచ్చునని సూచిస్తుంది. వర్తకుల ధనం, రాజోద్యోగపు పలుకుబడి, శైవ భక్తి ఒకే కుటుంబంలో కలిసినప్పుడు ఎటువంటి కట్టడం వెలుస్తుందో తెలుసుకోవడానికి లేపాక్షి మంచి ఉదాహరణ. తెలుగు నాట వాడుక భాష ఒకటీ, రాతి మీద నిలిచిన భాష మరొకటీ కావడం ఈ సరిహద్దు సీమలో వింత కాదు. రెండు భాషలూ ఒకే ఇంట్లో పలికే కుటుంబాలు నేటికీ ఆ ప్రాంతంలో ఉన్నాయి.

శాసనాలు చెప్పే చరిత్ర 16వ శతాబ్దితో మొదలైతే, క్షేత్ర మాహాత్మ్యం, అంటే ఒక పుణ్యస్థలం గొప్పదనాన్ని చెప్పే సంప్రదాయ గాథ, అంతకు ఎంతో ముందుకు పోతుంది. దక్షిణాపథానికి వచ్చిన అగస్త్య మహర్షి ఈ గుట్ట మీది గుహలో తపస్సు చేసి పాపనాశేశ్వర లింగాన్ని ప్రతిష్ఠించాడని, స్కాందపురాణం పేర్కొన్న శైవ క్షేత్రాలలో ఇది కూడా ఒకటని స్థానికుల విశ్వాసం. వింధ్య పర్వతం గర్వం అణచి దక్షిణానికి వచ్చి మళ్లీ ఉత్తరానికి వెళ్లని ఋషిగా అగస్త్యుణ్ణి భావించే తెలుగు, తమిళ దేశాలలో ఆయన ప్రతిష్ఠించాడని చెప్పే లింగాలు అనేకం. విరూపణ్ణకు ముందే ఈ కొండ మీద ఒక చిన్న గుడి ఉండేదన్న స్మృతి అగస్త్యుని పేరిట నిలిచిందని భావించడం అసంగతం కాదు.

ఇంతకంటె జనంలో ఎక్కువగా నాటుకున్నది జటాయువు కథ. సీతను ఎత్తుకుపోతున్న రావణుణ్ణి అడ్డగించి రెక్కలు తెగి ఇక్కడ కూలిన పక్షిరాజును చూసి శ్రీరాముడు లెమ్మని పలికిన పిలుపే ఊరి పేరయిందని చెబుతారు. జటాయువు నేలకొరిగిన చోటు తమదేనని భద్రాచలం సమీపంలోని ఏటపాక వారు చెప్పుకుంటారు, కేరళలోని చడయమంగళం వారూ చెప్పుకుంటారు. ఈ చోట్లలో ఏది నిజం అని వాదులాడడం వల్ల ప్రయోజనం లేదు. రామాయణం విన్న ప్రతి జనపదమూ ఆ కథలో కరుణ ఉప్పొంగే ఘట్టాన్ని తన గుట్టకో తన ఏటికో ముడివేసుకున్నదని, పరాయి స్త్రీని కాపాడబోయి ప్రాణం విడిచిన ఒక ముసలి పక్షిని తన ఊరి బంధువుగా చేసుకున్నదని గ్రహిస్తే చాలు. ఆలయ ప్రాంగణంలో రాతి మీద ఉన్న పెద్ద పాదముద్రను సీతమ్మ పాదంగా భక్తులు కొలవడానికి, అందులో ఎప్పుడూ తడి ఉండడాన్ని విశేషంగా చెప్పుకోవడానికి మూలం కూడా ఈ రామకథా బంధమే.

మూడవ గాథ ప్రధాన దైవానికి సంబంధించినది. దక్షుడు చేసిన యజ్ఞంలో భర్తకు జరిగిన అవమానం సహించలేక సతీదేవి ప్రాణత్యాగం చేయగా, ఆగ్రహించిన శివుడి జట నుంచి పుట్టిన వీరభద్రుడు యజ్ఞాన్ని ధ్వంసం చేశాడని పురాణాలు చెబుతాయి. వీరశైవం వేళ్లూనిన తెలుగు, కన్నడ సీమలలో వీరభద్రుడు కేవలం పురాణ పాత్ర కాదు. ఖడ్గాలు చదువుతూ, నారసాలు గుచ్చుకుంటూ చేసే వీరభద్ర పళ్లేలు, ప్రభలు ఇప్పటికీ అనేక కుటుంబాల పెళ్లిళ్లలో, ఉత్సవాలలో భాగంగా ఉన్నాయి. విరూపణ్ణకు ఈ స్వామి కులదైవం. విష్ణుభక్తి ప్రబలంగా ఉన్న అచ్యుతరాయల కొలువులో పనిచేస్తూ ఉగ్రశైవమూర్తికి ఇంత పెద్ద ఆలయం కట్టించడం, అదే ఆలయంలో విష్ణువుకు కూడా గర్భగుడి ఏర్పరచడం ఆనాటి మత వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి పనికివచ్చే అంశాలు.

ఆలయ ప్రణాళికను వాస్తు పరిభాషలో త్రికూటం అనవచ్చు. మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకునే నిర్మాణాన్ని త్రికూటం అంటారు. హనుమకొండలోని కాకతీయుల వేయిస్తంభాల గుడి ఈ పద్ధతికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. లేపాక్షిలో ప్రధాన గర్భగుడిలోని వీరభద్రుడు ఉత్తరాభిముఖంగా ఉండగా, పాపనాశేశ్వరుడు, రఘునాథుడు అన్న పేరుతో వెలసిన విష్ణువు ఒకరికొకరు ఎదురెదురుగా కొలువై ఉన్నారు. శివకేశవులు పరస్పరం చూసుకుంటూ ఉండగా, వారి మధ్య నిలిచి ఇరువురికీ నమస్కరించే అవకాశం భక్తుడికి కలుగుతుంది. గర్భగుడికి ముందు అంతరాళం, అంటే చిన్న వసారా వంటి భాగం, దాని ముందు అర్ధమండపం, ఆ పైన విశాలమైన నాట్యమండపం వరుసగా వస్తాయి.

నాట్యమండపంలో అడుగు పెట్టిన వెంటనే కంటపడేవి నడిమి ఖాళీ స్థలం చుట్టూ ఉన్న స్తంభాల మీది నిలువెత్తు శిల్పాలు. మద్దెల వాయించే బ్రహ్మ, వీణ మీటే తుంబురుడు, నటరాజు, నర్తించే రంభ, మూడు కాళ్ల భృంగి మొదలైన వారందరూ మధ్యలో జరుగుతున్న ఒక అదృశ్య నాట్యగోష్ఠికి సహకరిస్తున్నట్లు ఏర్పాటు చేశారు. వీరిలో భృంగి కథ ప్రత్యేకం. శివుడికి మాత్రమే ప్రదక్షిణం చేసి పార్వతిని విస్మరించిన ఆ ఋషి దేహంలోని రక్తమాంసాలను, శక్తి అంశాలు గనుక, అమ్మవారు ఉపసంహరించుకోగా, నిలబడలేకపోయిన అతడికి శివుడు మూడవ కాలు ప్రసాదించాడని పురాణం. శక్తి లేని శివభక్తి నిలువలేదన్న భావాన్ని ఒక వంకర కాలితో చెప్పగలిగిన శిల్పి, ఆ మూడవ కాలిని హాస్యంగా కాక నాట్య భంగిమలో భాగంగా చెక్కి భృంగిని నాట్యాచార్యుడిగా నిలిపాడు. నల్లరాయి వంటి కఠిన శిలలో మద్దెల వాయించే వేళ్ల కదలిక చూపడం సామాన్యమైన పని కాదు.

ఈ మండపంలోనే ఒక మూల ఉన్న వేలాడే స్తంభం సందర్శకులను ఎక్కువ సేపు పట్టి ఉంచుతుంది. అడుగు భాగానికి, నేలకు మధ్య ఉన్న సందులోంచి పలుచని వస్త్రాన్ని ఒక వైపు నుంచి మరొక వైపుకు లాగి చూడడం రివాజు. ఆంగ్లేయుల కాలంలో ఒక ఇంజనీరు ఈ రహస్యం కనుక్కోవడానికి స్తంభాన్ని కదపబోగా మండపం కప్పు కదలిందని, దానితో అతడు భయపడి ప్రయత్నం మానుకున్నాడని చెప్పే కథ కూడా ప్రచారంలో ఉంది. స్తంభం పూర్తిగా గాలిలో లేదు. దాని ఒక మూల నేలను తాకుతూనే ఉంటుంది. దూలాలు, బోదెలు ఒకదానితో ఒకటి పెనవేసుకున్న రాతి మండపంలో కప్పు భారం అనేక స్తంభాలు పంచుకుంటాయి గనుక ఒకటి నేలకు ఆనకపోయినా కట్టడం నిలుస్తుంది. ఇంతకు మించి ఈ స్తంభం గురించి చెప్పుకోవలసినది లేదు. దాని చుట్టూ గుమిగూడిన వారు కళ్లు పైకెత్తితే కనిపించేది దీనికంటె ఎన్నో రెట్లు విలువైనది.

విజయనగర సామ్రాజ్యం చిత్రకళకు పెట్టింది పేరని ఆనాటి విదేశీ యాత్రికుల రాతలను బట్టి తెలుస్తున్నా, 1565 తరువాత రాజధాని పాడుపడడం వల్ల ఆ చిత్రాలలో చాలా భాగం నశించాయి. ఆ కాలపు చిత్రకళ విస్తారంగా, కథాక్రమంతో, తొలి రూపంలో మిగిలి ఉన్న చోట్లలో లేపాక్షి అగ్రగణ్యం. చిత్రించే పద్ధతి ఇలా ఉండేది. ముందుగా రాతి కప్పుకు సున్నం, ఇసుక కలిపిన గారను పట్టించి, దాని మీద పలుచని సున్నపు పూత వేసి నున్న చేసేవారు. ఆ తెల్లటి నేల మీద ముందు గీతలతో ఆకారాలు దిద్దుకుని, తరువాత లోపలి భాగాలను రంగులతో నింపి, చివర నల్లని గీతతో అంచులు తీర్చేవారు. ఎరుపుకు జాజు, పసుపుకు పచ్చమన్ను, తెలుపుకు సున్నం, నలుపుకు మసి వాడారు. ఆకుపచ్చ మితంగా కనిపిస్తుంది. వెలుగునీడలతో గుండ్రదనం చూపే ప్రయత్నం ఇక్కడ లేదు. చదునైన రంగు, దాన్ని బంధించే పదునైన గీత, ఈ రెండింటితోనే మనిషి బరువునూ వేగాన్నీ చూపడం ఈ చిత్రకారుల ప్రతిభ.

కప్పును పొడవాటి పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీలో ఒక్కొక్క కథను నడిపించారు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, శ్రీరామ పట్టాభిషేకం, మనునీతి చోళుని కథ వీటిలో ముఖ్యమైనవి. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి, కోసుగా తేలిన ముక్కుతో, విశాలమైన కన్నుతో ఉంటాయి. ఒకే పట్టీలో ఒకే పాత్ర పలుమార్లు కనిపిస్తే, అది కాలం గడిచినట్లు సూచించే సంప్రదాయమని గ్రహించాలి. తోలుబొమ్మలాట తెర మీదా, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం మీదా కథ నడిచే తీరు ఇదే. రాయలసీమలో ఈ మూడు కళలూ ఇరుగుపొరుగుగా పెరిగిన సంగతి ఈ పోలికను బలపరుస్తుంది.

కిరాతార్జునీయం పట్టీ దగ్గర కాసేపు నిలవడం అవసరం. పాశుపతాస్త్రం కోసం తపస్సు చేస్తున్న అర్జునుణ్ణి పరీక్షించడానికి శివుడు ఎరుకువాడి వేషంలో రాగా, మూకాసురుడు అడవి పంది రూపంలో ఎదురవుతాడు. ఇద్దరి బాణాలూ ఒకేసారి పందికి తగలడం, వేట ఎవరిదన్న వివాదం పోరుగా మారడం, చివరకు శివుడు నిజరూపం చూపి అస్త్రం ఇవ్వడం కథ. విజయవాడ ఇంద్రకీలాద్రి మీదనే ఈ తపస్సు జరిగిందని తెలుగువారు నమ్ముతారు. లేపాక్షి చిత్రకారుడు ఈ కథలో వేటను ప్రాణంగా తీసుకున్నాడు: దూసుకువచ్చే పంది, దాని మీద ఉరికే కుక్కలు, వెన్ను వంచి విల్లు లాగే వేటగాళ్లు చూసేవారి శరీరంలో కూడా కదలిక పుట్టిస్తారు. పల్లెల్లో వేటకు వెళ్లేవారిని దగ్గరగా చూసిన చేయి మాత్రమే ఇటువంటి బొమ్మ వేయగలదు.

ఇక్కడ సాహిత్యంతో ఒక ముడి గుర్తించదగినది. శ్రీనాథుడు హరవిలాసంలో ఎన్నుకున్న కథలలో గౌరీ కల్యాణం, దారుకావనంలో శివుడి భిక్షాటన విహారం, కిరాతార్జునీయం ఉన్నాయి. ఆ కావ్యాన్ని ఆయన అవచి తిప్పయశెట్టి అనే వర్తకుడికి అంకితం చేశాడు. నూరేళ్లకు పైగా గడిచిన తరువాత లక్కిశెట్టి కుమారుడు కట్టించిన ఆలయంలో అవే కథలు శిల్పంగాను చిత్రంగాను రూపుదిద్దుకున్నాయి. కావ్యం చదివి చిత్రకారులు బొమ్మలు వేశారని చెప్పడానికి ఆధారం లేకపోయినా, ఏ కథలను ఇష్టంగా వినే సమాజం ఏ కథలను పైకప్పు మీద చూడగోరిందో ఈ సామ్యం తెలుపుతుంది.

పార్వతీ కల్యాణపు పట్టీలో వధువును అలంకరించే చెలికత్తెలు, వరుసగా నిలిచిన స్త్రీలు ధరించిన చీరలు వస్త్ర చరిత్రకు విలువైన సాక్ష్యం. చారలు, గళ్లు, పూల తీగలు, హంసల వరుసలు, వెడల్పు అంచులు ఒక చీరకు ఉన్నట్లు మరొక చీరకు ఉండవు. నేతలోనూ అద్దకంలోనూ ఆనాటికి ఎంత వైవిధ్యం ఉండేదో దీన్ని బట్టి ఊహించవచ్చు. పురుషుల తలల మీది పొడవాటి టోపీ కుళ్లాయి. 1530ల నడుమ విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ తన రాతల్లో ఈ ఎత్తయిన జరీ టోపీలను ప్రస్తావించాడు. శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన ఒక చాటుపద్యంలో కూడా కన్నడ రాజుల కొలువు కోసం కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిన కవి బాధ వినిపిస్తుంది. పద్యంలో విన్న టోపీని, విదేశీయుడు వర్ణించిన టోపీని రంగుల్లో కళ్లారా చూడగల చోటు లేపాక్షి. దేవతలు, పురాణపురుషులు కూడా ఇక్కడ విజయనగర కొలువులోని దుస్తులే ధరించడం వల్ల, ఈ కప్పు పురాణంతో పాటు ఆనాటి సమాజానికి కూడా దర్పణంగా నిలిచింది.

మనునీతి చోళుని కథ తమిళ శైవ సంప్రదాయానికి చెందినది. రాజకుమారుడి రథం కింద పడి దూడ చనిపోగా, తల్లి ఆవు న్యాయపు గంటను మోగించి రాజుకు మొరపెట్టుకుంటుంది. తన కొడుకునూ అదే విధంగా రథం కింద తొక్కించి న్యాయం చేయబూనిన రాజుకు శివుడు ప్రత్యక్షమై అందరినీ బతికిస్తాడు. బెజవాడలో మాధవవర్మ గురించి చెప్పే కథ దీనికి సోదరి వంటిది. వీటికి కాస్త పక్కగా మర్రి ఆకు మీద పడుకుని కాలి బొటనవేలు నోట పెట్టుకున్న వటపత్రశాయి కనిపిస్తాడు. ప్రళయ జలాలలో ఒంటరిగా తేలుతున్న ఈ పసివాడి కళ్లు ఎటు వైపు నడిచినా వెంట వస్తున్నట్లు తోచడానికి, నేరుగా ఎదుటికి చూస్తున్నట్లు చదునైన తలం మీద దిద్దిన చూపు ఎటు నుంచి చూసినా ఎదురుగానే ఉన్నట్లనిపించడం కారణం.

అర్ధమండపం లోపలికి వెళితే కప్పు మీది లోకం మారుతుంది. అక్కడ దక్షిణామూర్తి, గంగాధరుడు, త్రిపురాంతకుడు, భిక్షాటనుడు, అంధకాసుర సంహారి మొదలైన శివుడి లీలారూపాలు, వాటన్నిటినీ మించి పైకప్పు మీద పరుచుకున్న మహా వీరభద్రుడు దర్శనమిస్తారు. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉందని చెప్పే ఈ చిత్రాన్ని ఒకే చోట నిలబడి మొత్తంగా చూడడం సాధ్యం కాదు. మెడ వెనక్కి వంచి నాలుగడుగులు నడిచి పాదాలు, ఆయుధాలు, ముఖం ఒకటొకటిగా కూర్చుకోవాలి. ఆలయ నిర్మాత విరూపణ్ణ తన పరివారంతో భక్తిగా నిలబడిన చిత్రం కూడా ఈ భాగంలోనే ఉంది. కుళ్లాయి, నగలు, జోడించిన చేతులతో ఉన్న ఆ మనిషిని చూసినప్పుడు, అతడి గురించి ప్రచారంలో ఉన్న విషాద కథ తప్పక గుర్తుకు వస్తుంది.

రాజు దూరంగా ఉన్న సమయంలో కోశాధికారి అయిన విరూపణ్ణ ఖజానా ధనాన్ని అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడని, తిరిగివచ్చిన రాజు అతడి కళ్లు తీయించమని ఆజ్ఞ ఇచ్చాడని, రాజభటుల చేతికి చిక్కక ముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని ఐతిహ్యం. కల్యాణమండపం సమీపంలోని గోడ మీద కనిపించే రెండు ఎర్రని మచ్చలను ఆ నెత్తుటి గుర్తులుగా చూపుతారు. ఊరి పేరును ఈ కథతో ముడిపెట్టే వారూ ఉన్నారు. ఈ కథను నిర్ధారించే శాసనం ఏదీ లేదు. అంతేకాదు, అచ్యుతరాయల ఏలుబడిని స్మరిస్తూ గ్రామాలనూ భూములనూ ఆలయానికి అర్పించిన శాసనాలు అదే ప్రాకారం మీద బహిరంగంగా నిలిచి ఉన్నాయి. రాజుకు తెలియకుండా చాటుగా సాగిన నిర్మాణం గోడలు ఇలా మాట్లాడవు.

అయితే కథ ఎక్కడి నుంచి వచ్చింది? పైన పేర్కొన్న నూనిజ్, కృష్ణదేవరాయలు తన మంత్రి సాళువ తిమ్మరుసు కళ్లు తీయించినట్లు రాశాడు. తిమ్మరుసు జీవితపు చివరి రోజులను స్థానిక సంప్రదాయం పెనుకొండతో ముడిపెట్టి, అక్కడ ఒక కట్టడాన్ని ఆయన సమాధిగా చూపుతుంది. ప్రభువును నమ్మి సేవించిన అధికారి చివరకు చూపు కోల్పోయాడన్న వార్త ఆ దుర్గం చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా చెప్పుకుంటూ ఉండగా, లేపాక్షిలో అసంపూర్తిగా ఆగిన కల్యాణమండపానికి కారణం వెతికిన జనం ఆ బాధను విరూపణ్ణకు కూడా ఆపాదించి ఉండవచ్చు. ఇది ఊహ మాత్రమే. కాని ఐతిహ్యాన్ని అబద్ధమని కొట్టివేయడం కంటె, రాజాగ్రహం పట్ల సామాన్యులకు ఉన్న భయం అందులో ఏ రూపంలో దాగి ఉన్నదో చూడడం చరిత్ర విద్యార్థికి ఎక్కువ ప్రయోజనకరం. విసిరిన కళ్ల కథ వింటూ పైకి చూస్తే, కొడుకునైనా శిక్షించే న్యాయమూర్తిగా మనునీతి చోళుడు అదే ఆలయపు కప్పు మీద కనిపించడం కాకతాళీయమే అయినా, ఆ రెండు కథలనూ పక్కపక్కన నిలిపి ఆలోచించకుండా ఉండడం కష్టం.

ఆ అసంపూర్ణ కల్యాణమండపం గర్భాలయానికి వెనుక వైపున, కప్పు లేకుండా, ఆకాశం కింద నిలిచి ఉంటుంది. శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు, దిక్పాలకులు ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్కరుగా కొలువుదీరారు. దాని పక్కనే ఉన్న లతామండపం స్తంభాల మీది తీగలు, పూలు, పక్షుల నమూనాలు నేతగాళ్లకూ అద్దకం పనివారికీ నేటికీ వనరుగా ఉన్నాయి. ప్రాంగణపు రాతి నేల మీద కంచాల ఆకారంలో తొలిచిన గుంటలను శిల్పులు భోజనం చేసిన పళ్లేలని చెబుతారు. ఏడు పడగల నాగలింగం ఒకే బండ నుంచి అక్కడికక్కడే మలిచినది. తల్లి మధ్యాహ్నపు వంట ముగించే లోపల శిల్పులు దీన్ని పూర్తి చేశారన్న కథ, పనితనం మీద జనానికి ఉన్న అబ్బురానికి గుర్తు. ఊరి మొగదల, ఆలయానికి కొంత దూరంలో, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు ఉన్న నంది మెడలో గంటల పట్టెడలతో, మోర ఎత్తి, ఆలయం వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. అది కూడా ఉన్న చోటనే బండను మలిచి చేసినది కావడం వల్ల, నందికి, గుడికి మధ్య దూరాన్ని శిల్పి కాక కొండ నిర్ణయించిందని చెప్పవచ్చు.

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న ఈ ఆలయాన్ని, ఏకశిలా నందితో కలిపి, 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చారు. తాత్కాలిక జాబితా అంటే తుది గుర్తింపు కోసం ఒక దేశం ముందుకు తెచ్చే స్థలాల పట్టిక. రాతికి వచ్చిన ప్రమాదం తక్కువ. ప్రమాదం అంతా రంగుకే. కప్పు రాళ్ల సందుల నుంచి దిగే వాన చెమ్మ గారను ఉబ్బించి పెచ్చులుగా రాలుస్తుంది, తరతరాల దీపపు పొగ గీతలను కప్పివేస్తుంది, గోడల మీది బొమ్మలను తడిమే చేతులు రంగును అరగదీస్తాయి. రాలిపోయిన చోట కొత్త రంగు పూసి పూర్తి చేయడం ఎంతమాత్రం తగదు. మిగిలిన గీతను కాపాడడం, కప్పు మీద నీరు నిలవకుండా చూడడమే చేయవలసిన పని. దీనితో పాటు, ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎటు నడుస్తుందో, అందులో ఎవరు ఎవరో తెలుగులోనూ కన్నడంలోనూ వివరించే చక్కని పటం నాట్యమండపం ముందు నిలిపితే, లేపాక్షికి వచ్చే బడిపిల్లలు స్తంభం కింద గుడ్డ లాగే సమయంలో కొంతైనా పందిని వేటాడే అర్జునుణ్ణి వెతకడానికి వెచ్చిస్తారు.